అబ్‌స్క్వాచులేట్‌కి జవాబు

సాయంత్రం ఆఖరి రైలుబండి వెళ్ళిపోయాక వెర్లిన్ మేబ్రీ స్టేషన్లో నా భోజనాల కౌంటర్ దగ్గరికి వచ్చేవాడు. గోడవైపు చివరి స్టూలు అతనిది. కాఫీ తాగి, పళ్ళెంలో నేనేం పెడితే అది మారుమాట్లాడకుండా తినేవాడు. చిక్కుడు గింజలూ పందిమాంసమూ వండిన రోజు మాత్రం ఇంకొంచెం వడ్డించమన్నట్టు పళ్ళెం ముందుకు జరిపేవాడు. తర్వాత లేచి, స్టేషన్ మాస్టర్ టోపీ చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, "సరే లూయెల్లా, ఇక నేను అబ్‌స్క్వాచులేట్ అవుతున్నాను" అనేవాడు.

అన్నాక ఒక్క క్షణం ఆగేవాడు. నేను నవ్వుతానేమోనని చూస్తున్నాడు అనుకునేదాన్ని. మొదట్లో నవ్వేదాన్ని కూడా. పోనుపోను ఆ ఓపికా పోయింది. "వెళ్ళు, నిన్నెవరు పట్టుకున్నారు" అనేదాన్ని గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే. అప్పుడు టోపీ తలమీద పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ మాట ఇప్పటి కుర్రకారుకి తెలీదు. మా తాతల కాలంలో ఈ నది పొడుగునా అందరి నోళ్ళలోనూ నానిన మాట. వినడానికి ఏ లాటిన్ పండితుడో సృష్టించినట్టుంటుంది గానీ దాని పుట్టుకా పెరుగుదలా అంతా సారా కొట్ల దగ్గరే. అర్థం ఏమంటే, చెప్పాపెట్టకుండా ఉడాయించడం. పెళ్ళినాటి పొద్దున్నే మాయమైన పెళ్ళికొడుకు, చందాల సంచీతో సహా కనపడకుండా పోయిన పాస్టరు, కోర్టువాళ్ళు ముందు తలుపు కొడుతుంటే వెనక తలుపులోంచి జారుకున్న షావుకారు, వీళ్ళంతా అబ్‌స్క్వాచులేట్ అయినవాళ్ళు. పారిపోయాడు అంటే తిట్టినట్టు ఉంటుంది. పలాయనం చిత్తగించాడు అంటే నవ్వొస్తుంది. ఈ మాట ఆ రెండో రకం. మనిషి చేసిన పాడుపనికి కోటూ బూటూ తొడిగి వీధిలోకి పంపుతుంది.

అలాంటి మాటని పనిగట్టుకుని పైకి చెప్పి మరీ వెళ్ళేవాడు వెర్లిన్. చెప్పకుండా పోతున్నానని చెప్పి పోవడం. హాస్యమంతా అందులోనే ఉందని ఊరు అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

కాల్వర్ట్ బెండ్ స్టేషన్లో అతను కుర్రవాడిగా పార్సిల్ సంచులు మోయడంతో మొదలుపెట్టి, టెలిగ్రాఫ్ నేర్చుకుని, స్టేషన్ మాస్టరై, అదే గదిలో ముసలివాడయ్యాడు. పొడుగాటి మనిషి. చెవులు తలకి అంటకుండా విడిగా నిలబడి ఉండేవి. ఎవరైనా ఊరు విడిచి వెళ్తుంటే బండి కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడేవాడు. ఎక్కినవాళ్ళెవరో, సాగనంపడానికి వచ్చినవాళ్ళెవరో చూసుకుని, "చెప్పారా? అందరికీ చెప్పారా?" అని అడిగేవాడు. ఒకసారి ఒక సైనికుడి తల్లి వీధి మలుపులో పరుగెత్తుకుని వస్తుంటే, ఆమె వచ్చి కొడుకు చెయ్యి పట్టుకునేదాకా బండిని ఆపేశాడు. పైవాళ్ళ దగ్గర చీవాట్లు తిన్నాడు. "తింటే తిన్నాను, అరుగుతాయి" అన్నాడు.

పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికినంతకాలం తల్లితో ఉన్నాడు. ఆమె పోయాక స్టేషన్ పైనున్న రెండు గదుల్లో ఒక్కడే ఉన్నాడు. నేనూ ఒంటరిదాన్నే. నా మొగుడు పెళ్ళైన కొత్తలోనే బొగ్గు వ్యాగన్ కింద పడి చనిపోయాడు. స్టేషన్లో ఈ భోజనాల కౌంటర్ నడుపుకోమని రైల్వేవాళ్ళు నాకిచ్చారు. ఒకే కప్పు కింద, నేను కింద, అతను పైన. రాత్రి అతని కుర్చీ చప్పుడు నాకు వినపడేది. ఊళ్ళోవాళ్ళు ఏమైనా అనుకోవాల్సింది. అనుకోలేదు. మమ్మల్ని చూస్తే ఎవరికీ అలాంటి ఆలోచన కూడా రాలేదన్నమాట. దానికి నాకు లోపల్లోపల కోపంగానే ఉండేది.

ఒక చలికాలం మంచుకి పట్టాలు కప్పబడిపోయి, పగలంతా బండి రాలేదు. స్టేషన్లో మేమిద్దరమే. ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, నేను అడక్కుండానే వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు.

నాన్న పేరు రాయ్‌స్ టాకెట్. కంచరగాడిదల బండి మీద ఆపిల్ పీపాలు రేవుకి తోలేవాడు. సరదా మనిషి. రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడి, చర్చిలో ప్రార్థన చదువుతున్నంత గంభీరంగా ముఖం పెట్టి, "నేను అబ్‌స్క్వాచులేట్ అవుతున్నాను" అనేవాడట. తల్లి పకపకా నవ్వేదట. సాయంత్రానికి తిరిగొచ్చేవాడు.

"దాంతో ఆ మాటకి అర్థం వెళ్ళొస్తాననే అనుకున్నా" అన్నాడు వెర్లిన్. "మా ఇంట్లో దానర్థం అదే."

ఒకరోజు బడినుంచి వచ్చేసరికి తలుపు పక్కన నాన్న టోపీ తగిలించే మేకు ఖాళీగా ఉంది. తల్లి బట్టలు ఉతుకుతోంది. నాన్నేడి అని అడిగితే ఆమె ఆ మేకు వైపు చూసి, అబ్‌స్క్వాచులేట్ అయ్యాడు అంది. నవ్వింది కూడా. అయితే సాయంత్రానికి వచ్చేస్తాడు అనుకున్నాడు పిల్లవాడు. మర్నాడు బడిలో టీచరమ్మ, పొయ్యిలోకి కట్టెలు తోలిపెట్టమని మీ నాన్నతో చెప్పు అంది. వెర్లిన్ లేచి నిలబడి, అంత పెద్ద మాట తడుముకోకుండా అనగలనన్న గర్వంతో, "మా నాన్న అబ్‌స్క్వాచులేట్ అయ్యాడండీ" అన్నాడు.

క్లాసు క్లాసంతా గొల్లుమంది. టీచరమ్మ బోర్డు వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఆ నవ్వులో తెలిసింది నాకు" అన్నాడు వెర్లిన్. "ఊరికి తెలిసిన అర్థం వేరని."

ఆ క్లాసులో అందరికంటే గట్టిగా నవ్వినవాడు బర్ల్ హిగ్‌డన్. ఇప్పుడు స్టేషన్ ఎదురుగా దాణా కొట్టు వాడిదే. వెర్లిన్‌కి "స్క్వాచ్" అని పేరు పెట్టింది వాడే. బర్ల్ వాళ్ళ నాన్న దానికి ఇంకొంచెం ఉప్పూకారం జల్లాడు. "మీ నాన్న ఊరందరికీ టోపీ పెట్టాడ్రా, తన టోపీ మాత్రం పట్టుకుపోయాడు" అని కనపడినప్పుడల్లా అనేవాడట. తల్లి తన పుట్టింటి పేరు మళ్ళీ పెట్టుకుని, కొడుకునీ మేబ్రీనే చేసింది. పేరు మారింది గానీ నవ్వు మారలేదు.

"మరెందుకు నువ్వే ఆ మాట పట్టుకు వేలాడతావు?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళ నోటికి నువ్వే మేత అందిస్తావెందుకు?"

"నేను అనేది ఊరి అర్థంతో కాదు, మా ఇంటి అర్థంతో" అన్నాడు. "మా ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే దానికి..." అని ఆగి, పొయ్యిలో కట్టె సర్ది, "ఏం లేదులే" అన్నాడు. నేను రెట్టించి అడగలేదు.

ఆమె వచ్చింది ఆపిల్స్ కోతల కాలంలో. పొద్దుటి బండి దిగింది. యాభై దాటిన మనిషి. బూడిదరంగు కోటు, పక్కన చిన్న ఈక గుచ్చిన నీలం టోపీ. సామానేం లేదు, చేతిసంచీ తప్ప. దిగి, అటూ ఇటూ చూసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా వీధి వెంట నది దాకా నడుచుకుంటూ పోయింది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి నా కౌంటర్ దగ్గర కూర్చుని, ఆపిల్ పై అనే తీపి రొట్టె ముక్కొకటి, కాఫీ అడిగింది.

వెర్లిన్ ఆవేళ అప్పటికే కాఫీకి వచ్చి తన స్టూలు మీద ఉన్నాడు. బర్ల్ కూడా ఉన్నాడు. కొత్త ముఖం కనపడితే వాడికి కొట్లో కాలు నిలవదు.

"చుట్టాలింటికొచ్చారా అమ్మా?" అన్నాడు బర్ల్.

"లేదండీ. ఊరు చూద్దామని వచ్చా."

"ఈ ఊరా? ఇక్కడ చూడ్డానికి ఏముందీ, లూయెల్లా ముఖం తప్ప!"

"నీ ముఖం కంటే నయమేలే, కనీసం రోజూ కడుగుతా" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వితే కళ్ళ పక్కన ముడతలు పడ్డాయి. ఎక్కడో చూసినట్టే అనిపించింది నాకు. అంతకంటే ముందుకు ఆలోచన పోలేదు.

ఆ ముక్క తిని, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని లేచింది. "బండికి ఇంకా టైముందిగా? చర్చి వెనక సమాధులు చూసొస్తా. కాసేపు అబ్‌స్క్వాచులేట్ అవుతానండీ" అంది, మామూలుగా, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

బర్ల్‌కి కాఫీ పొలమారింది. "తిన్నదానికి డబ్బులివ్వకుండానే? లూయెల్లా, తలుపేసెయ్, తలుపేసెయ్!"

ఆమె తెల్లబోయింది. "అదేంటండీ? మళ్ళీ వస్తాననేగా చెప్పా."

వెర్లిన్ కప్పు సాసరులో పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టడానికి రెండు చేతులూ వాడాడు.

"ఆ మాట మీకెక్కడిదమ్మా?" అన్నాడు.

"మా నాన్న మాటండీ. రోజూ పొద్దున్న పొలానికెళ్తూ అలాగే చెప్పేవాడు. మా నెబ్రాస్కాలో ఇంకెవరూ అనగా నేను వినలేదు. ఆయన సొంతంగా కట్టిన మాటే అనుకున్నా. మీరూ అంటారా ఇక్కడ?"

"మీ నాన్నగారి పేరు?"

"రాయ్‌స్ టాకెట్."

బర్ల్ నోరు తెరిచాడు. నేను కాఫీ కెటిల్ పట్టుకుని వాడివైపు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాడు. జన్మలో వాడు నా మాట విన్నది ఆ ఒక్కసారే, అదీ నేను మాట్లాడకుండా.

ఆమె మళ్ళీ కూర్చుంది. పేరు ఓర్ఫా అట. ఓర్ఫా లిండ్‌క్విస్ట్. మొగుడు స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. నాన్న పోయిన వసంతంలో చనిపోయాడు, బాగా పండు వయసులో, తన మంచం మీద, కూతురి చేతుల్లో. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎవరూ లేరు తనకి. ఒక్కతే కూతురు.

"దేవుడులాంటి మనిషండీ" అంది. "మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఒక్క పూట కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు."

"ఒక్క పూట కూడానా?" అన్నాడు వెర్లిన్.

"ఒక్క పూట కూడా. తుపానొచ్చినా, వరదొచ్చినా, చీకటి పడేసరికి ఇంట్లో ఉండేవాడు. పొద్దున్న ఆ మాటనేవాడు, దానికి మేం జవాబు చెప్పేవాళ్ళం, అప్పుడు వెళ్ళేవాడు. జవాబు చెప్పకపోతే గుమ్మం దిగేవాడు కాదు."

"ఏమిటమ్మా ఆ జవాబు?" అన్నాడు బర్ల్, ఉండబట్టలేక.

"అది బయట చెప్పేది కాదండీ, ఇంట్లోవాళ్ళకే" అని నవ్వేసింది. తర్వాత నవ్వు ఆపి, చేతిసంచీ మూత తీస్తూ వేస్తూ, అసలు సంగతి చెప్పింది. ఆఖరి రోజుల్లో ఆయన ఒకటే మాట కలవరించేవాడట. "కాల్వర్ట్ బెండ్‌లో చెప్పకుండా వచ్చేశాను. అక్కడ చెప్పి రాలేదు" అని. ఆ ఊరి పేరు అంతకుముందు ఆమె ఎప్పుడూ వినలేదు. "ఎవరికి చెప్పలేదు నాన్నా" అని అడిగితే గోడవైపు తిరిగేవాడట.

"పెళ్ళికి ముందు ఇక్కడెక్కడో పని చేసుంటాడు. యజమానికో, స్నేహితుడికో చెప్పకుండా వచ్చేసుంటాడు. అంత చిన్న విషయం చచ్చేదాకా మనసులో పెట్టుకున్నాడు చూడండి, అంత మంచోడు. సరే, ఆయన చెప్పలేనిది నేనైనా చెప్పి వద్దామని బయల్దేరా. ఎవరికి చెప్పాలో మాత్రం తెలీదు." వెర్లిన్ వైపు తిరిగింది. "మాస్టరు గారూ, మీరు ఇక్కడే పుట్టి పెరిగినట్టున్నారు. టాకెట్ అనే పేరెప్పుడైనా విన్నారా?"

గోడ గడియారం కొట్టుకుంటోంది. చెప్పు, చెప్పు అనుకుంటున్నాను లోపల. ఆ ముడతలు నేనెక్కడ చూశానో అప్పుడు తెలిసింది. ఒకే ముఖం రెండు స్టూళ్ళ మీద కూర్చుని ఉంది.

"విన్నానమ్మా, నా చిన్నప్పుడు" అన్నాడు వెర్లిన్. "ఆపిల్ పీపాలు రేవుకి తోలేవాడు. సరదా మనిషని చెప్పుకునేవాళ్ళు."

"అవునా!" ఆమె ముఖం వెలిగిపోయింది. "ఆయనకి ఇక్కడెవరైనా ఉండేవాళ్ళా?"

వెర్లిన్ లేచాడు. "బండి టైమవుతోంది. టెలిగ్రాఫ్ చూసుకోవాలి" అని తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

నేను బర్ల్‌కి కౌంటర్ చూస్తుండమని చెప్పి వెనకే వెళ్ళాను. సామాన్ల గదిలో ఖాళీ పాలడబ్బాల మధ్య నిలబడి ఉన్నాడు. టెలిగ్రాఫ్ లేదు, ఏం లేదు.

"నీకేమైనా మతిపోయిందా? నీ చెల్లెలు వెర్లిన్! చెప్పవేం?"

"ఏమని చెప్పను?"

"ఉన్నది చెప్పు. ఆయనకి ఇక్కడ కొడుకున్నాడని, ఆ కొడుకుని నేనేనని."

"చెప్తే ఏమవుద్దో తెలుసా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఒక్క పూట కూడా వదిలి ఉండలేదంది, విన్నావుగా. ఆ అమ్మాయికి నాన్నున్నాడు. చచ్చిపోయినా ఉన్నాడు. నేను నోరు తెరిస్తే ఆయన ఆమెని కూడా వదిలి వెళ్ళిపోతాడు. నాకు జరిగింది ఆమెకి జరగాలా?"

"మరి నీకు? నీకెవరున్నారు?"

దానికి జవాబు చెప్పలేదు. నేనున్నానని నేనూ అనలేదు. నోటిదాకా వచ్చింది. పాలడబ్బాల మధ్య, ఏప్రన్ కట్టుకుని, అలాంటి మాట ఎలా అంటాం?

"నువ్వు ఆయన్ని కాపాడుతున్నావు" అన్నాను కసిగా. "నిన్ను వదిలేసి పోయినవాణ్ణి."

"ఆయన్ని కాదు" అన్నాడు. దూరంగా బండి కూత వినిపించింది. టోపీ సర్దుకుని ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు.

ఆ సాయంత్రం ఎక్కేవాళ్ళు ఇంకెవరూ లేరు. బండి ఆగింది. వెర్లిన్ ఆమెకి చెయ్యందించి మెట్టు ఎక్కించాడు. ఆమె మెట్టు మీదే ఆగి, ఊరివైపు తిరిగింది. అక్కడ చూడ్డానికి ఉన్నది బర్ల్ దాణా కొట్టు, చెక్క కాలిబాట, గుర్రాల తొట్టి పక్కన పడుకున్న కుక్క.

"ఎవరికి చెప్పాలో తెలీదు కదా" అంది నవ్వబోతూ. "ఊరికే చెప్పేసి వెళ్తానండీ." తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, వీధికేసి గట్టిగా అంది. "రాయ్‌స్ టాకెట్ చెప్పమన్నాడు. నేను అబ్‌స్క్వాచులేట్ అవుతున్నాను!"

ఎవరూ పలకలేదు. కుక్క తలెత్తి మళ్ళీ దించుకుంది. కౌంటర్ గుమ్మంలో నిలబడ్డ బర్ల్ ఎప్పట్లా నవ్వుతాడేమోనని చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఓర్ఫా ఇంకో క్షణం ఆగింది. వెర్లిన్ రోజూ నా ముందు ఆగినట్టే ఆగింది. తర్వాత లోపలికి తిరిగింది.

వెర్లిన్ జెండా ఊపాడు. ఊపడం అతని పని కాబట్టి ఊపాడు. బండి కదిలింది. ఆమె ఎక్కిన పెట్టె అతని ముందునుంచి జరుగుతోంది. అప్పుడు అతని కాళ్ళు కదిలాయి. ముందు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు, ముసలి మోకాళ్ళతో, జెండా చేతిలో ఉండగానే. ఆమె తలుపు దగ్గరే ఉంది.

"అయితే టోపీ ఇక్కడ పెట్టి వెళ్ళు!" అని అరిచాడు.

అది అతని గొంతులా లేదు. అంత వయసు మనిషిలోంచి చిన్నపిల్లాడి గొంతు వచ్చింది.

ఓర్ఫా కొయ్యబారిపోయింది. అతని ముఖం చూసింది. ఆ చెవులు చూసింది. ఆమె చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. ఏదో అరిచింది, చక్రాల రొదలో వినపడలేదు. బండి వేగం అందుకుంది. అప్పుడామె తల మీద చెయ్యి వేసి, పిన్నులు ఊడిపోయేలా ఆ నీలం టోపీ లాగి, శక్తికొద్దీ బయటికి విసిరింది. గాల్లో తిరిగి, కంకర మీద పడి, దొర్లి, ప్లాట్‌ఫారం అంచున ఆగింది. వెర్లిన్ వంగి తీశాడు. దుమ్ము దులిపాడు. బండి మలుపు తిరిగాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రి భోజనానికి వచ్చి, నీలం టోపీని కౌంటర్ మీద తన పక్కన పెట్టుకున్నాడు. చిక్కుళ్ళు వడ్డించాను. నాకు కోపం పోయింది, ఏడుపు వస్తోంది, రెండూ కనపడకుండా గరిటె గట్టిగా చప్పుడు చేస్తున్నాను.

"ఏమని అరిచింది?"

"వినపళ్ళేదు."

"మళ్ళీ వస్తుందిలే. టోపీ వదిలిందిగా."

"వస్తుందేమో." ఈక సరిచేశాడు. "ఎదురుచూడ్డం మాత్రం ఇక నా వల్ల కాదు లూయెల్లా. చూడాల్సిందంతా చిన్నప్పుడే చూసేశా. కిటికీ దగ్గర కూర్చుని, దారి కనపడకుండా పోయేదాకా."

పళ్ళెం ఖాళీ చేశాడు. నేను గిన్నెల తొట్టి వైపు తిరిగాను. స్టూలు జరిగిన చప్పుడైంది. గొంతు సవరింపు కోసం, ఆ మాట కోసం చెవులు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి. రాలేదు. తిరిగి చూస్తే స్టూలు ఖాళీ. నీలం టోపీ లేదు. గోడకి నేను ఏప్రన్లు తగిలించే మేకుంటుంది. వాటిమీద స్టేషన్ మాస్టర్ టోపీ తగిలించి ఉంది. మర్చిపోయాడు, పొద్దున్న ఇద్దాంలే అనుకున్నాను. తెలివితక్కువదాన్ని.

మర్నాడు తెల్లవారుజామున కదిలే సరుకుల బండిలో వెళ్ళిపోయాడట. తాళాలు బల్లమీద పెట్టి, పైవాళ్ళకి తంతి కొట్టి, బోడితలతో, ఆ ఆడటోపీ చంకలో పెట్టుకుని ఎక్కాడని బండివాళ్ళు చెప్పారు. పడమటి వైపు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

"చివరికి స్క్వాచ్ గాడు పేరు నిలబెట్టుకున్నాడే!" అన్నాడు ఆ పొద్దున్న కాఫీకి వచ్చిన ఒకడు. అందరూ నవ్వారు. "నోర్ముయ్యండి" అని అరిచినవాడు బర్ల్. నేను గరిటె ఎత్తేలోపే.

కొత్త మాస్టర్ వచ్చాడు. కొత్త టోపీ తెచ్చుకున్నాడు. బండి కదులుతుంటే లోపల కూర్చుని పేపరు చదువుకుంటాడు. పైన రాత్రుళ్ళు కుర్చీ చప్పుడు ఉండదు, వాడు పెళ్ళాంతో వేరే ఇంట్లో ఉంటాడు. వెర్లిన్ దగ్గర్నుంచి కబురేమీ లేదు. ఆమెని కలిశాడో లేదో, ఆ నీలం టోపీ ఇచ్చాడో లేదో నాకు తెలీదు. సాయంత్రం ఆఖరి బండి వచ్చినప్పుడు గుమ్మందాకా వెళ్తాను. కౌంటర్ తుడిచే గుడ్డ చేతిలో ఉంటుంది, ఎవరైనా చూస్తే దులపడానికి వచ్చాననుకుంటారు.

ఇన్నేళ్ళూ అతను ఆ మాట అని నా ముందు ఆగి నిలబడింది నవ్వు కోసం కాదు. జవాబు కోసం. ఆ మాటకి ఒక జవాబుందని, దాన్ని ఇంట్లోవాళ్ళే చెప్పాలని నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్ని. రోజూ చెప్పేదాన్ని. గిన్నెలు వదిలేసి, చేతులు తుడుచుకుని, ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేదాన్ని.

నేను చెప్పకుండానే టోపీ పెట్టి వెళ్ళాడు. అది ఇంకా ఆ మేకుకే ఉంది. ఏప్రన్లు ఇప్పుడు వేరేచోట తగిలిస్తున్నాను.